ఒక లైట్ మాట, ఒక జమ్మి ఆకు

దగ్గరికి రండి. ఆ బల్ల మీద ఇంకొకరికి చోటుంది, కాస్త జరిగి కూర్చోండి. ఈ మాటనే మెదక్ బస్టాండు దగ్గర మా చాయ్ హోటల్లో అయితే "అన్నా, లైట్‌గ జరుగు" అంటారు. ఎంత జరగాలో ఎవరూ చెప్పరు. జరిగేవాడికి తెలుసు, ఒక మనిషి నడుము పట్టేంత. నేను చెప్పబోయేది ఆ లైట్ సంగతే. మా ఇంట్లో ఆ మాట ఏం చేసిందో, ఏం చేయలేదో చెబుతాను, వినండి.

నేను ఐదో తరగతి దాటలేదు. నాకొచ్చిన ఇంగ్లిషంతా గ్లాసులు కడుగుతూ విన్నదే. చిన్నప్పుడు నాకు తెలిసిన లైట్ ఒక్కటే, గోడకుండే బుగ్గ. వెలిగేది, ఆరిపోయేది. హోటల్ పెట్టుకున్నాక రెండోది తెలిసింది. "అక్కా, ఒకటి లైట్" అంటే పొడి తక్కువ వేసిన చాయ్. కడుపులో మంట ఉన్నవాళ్ళు, డాక్టరుకు భయపడేవాళ్ళు అదే అడుగుతారు. అక్కడిదాకా నాకు ఇబ్బంది లేదు.

ఆ తరువాత మాటకు కాళ్ళొచ్చాయి. కచేరీలో అటెండరు పని చేసే ఒకాయన రోజూ పదకొండింటికి వస్తాడు. ఒకరోజు ముఖం మాడ్చుకుని వచ్చాడు.

"ఏమైందన్నా?" అన్నాను.

"సార్ మస్తు తిట్టిండక్కా. అందరి ముంగట."

"మరి నువ్వేమన్నవ్?"

"ఏమంట? లైట్ తీస్కున్న." అని బిస్కెట్ చాయ్‌లో ముంచాడు.

ఓహో, తిట్లు దులిపేసుకోవడం కూడా లైటే అనుకున్నాను. వారం తిరగకముందే అదే మనిషి బల్ల గుద్ది, "మా బామ్మర్ది నన్ను లైట్ తీస్కుండక్కా, ఊకోను నేను!" అన్నాడు. అప్పుడు అర్థమైంది. మనం తీసుకుంటే మందు, ఎదుటివాడు తీసుకుంటే పుండు.

మా పక్కన గాజుల దుకాణం చాచా ఉంటాడు. గడ్డం మొత్తం తెల్లబడింది, మాటలో మాత్రం పదును పోలేదు. ఆయన్ను అడిగితే నవ్వాడు. "గిదేం కొత్త మాట కాదు బేటీ. మేం హల్కా అంటం. చాయ్ హల్కా అంటే మంచిదే. దర్ద్, అదే నొప్పి, హల్కా అయిందంటే ఇంకా మంచిది. ఆద్మీని హల్కా అన్నవనుకో, ఇగ కొట్లాటే." మా అత్తమ్మ ఉన్నప్పుడు 'అల్కగ' అనేది. 'మనిషిని అల్కగ చూడొద్దు, మూటను అల్కగ ఎత్తొద్దు' అని. మాటలు మూడు, సంగతి ఒకటే.

ఇక ఇంట్లో మా బిడ్డ. డిగ్రీ రెండో సంవత్సరం. పొద్దున లేచింది మొదలు దాని నోట్లో అదే మాట.

"అమ్మా, కూరల ఉప్పు లైట్‌గ ఎక్కువైంది."

"ఎక్కువైనంక లైట్ ఎట్లయితదే?"

"అబ్బా, లైట్ తీస్కోవే!"

"ఏది తీస్కోవాలె, ఉప్పునా, నిన్నునా?"

వాళ్ళ బాపు పొయ్యి దగ్గర నవ్వేవాడు. పరీక్ష పోతే లైట్, బస్సు పోతే లైట్, వాన పడితే గొడుగు లేదంటే లైట్. పిల్ల చెడ్డది కాదు. దానికి బరువు తెలియక కాదు, బరువంటే భయం. అది నాకు తరువాత తెలిసింది.

మా ఆయనకు తోడబుట్టినవాడు ఒక్కడే, అన్న. మా బావగారు హవేలిఘనపూర్‌లో ఉంటాడు, వరి పండిస్తాడు. దూరమేం లేదు, ఇక్కడ ఆటో ఎక్కితే గ్లాసులో చాయ్ చల్లారేలోపు అక్కడ దిగుతాం. మా మామ పోయాక ఆ ఇంటికి ఆయనే పెద్ద. మాట కటువు, చెయ్యి మెత్తన. మా హోటల్‌కు వచ్చినప్పుడల్లా ఏదో ఒకదానికి వంక పెడతాడు. ఈ సంగతి జరిగిన ఏడు బోనాలప్పుడు వచ్చి, పాలు కాచే గంజు, అంటే రెండు చెవుల పెద్ద గిన్నె, చూశాడు.

"తమ్మీ, గీ గంజు చెవి కదుల్తున్నదిరా. మార్పియ్యి."

"ఏం కాదన్నా."

"ఏం కాదు ఏం కాదంటవ్. అయినంక నా కాడికొస్తవ్."

మా ఆయన మార్చలేదు. రోజూ మసిగుడ్డ మడతపెట్టి అదే చెవి పట్టుకుని దించేవాడు.

దసరా పొద్దున కూడా హోటల్ తెరిచాం. పండక్కి ఊళ్ళకు పోయేవాళ్ళు బస్టాండులో నిలబడి చాయ్ అడుగుతారు, వాళ్ళను కాదనలేం. రెండో విడత పాలు పొంగుతుండగా దించబోయాడు. చెవి ఊడింది. గంజు పక్కకు ఒరిగి, మరిగే పాలు కుడికాలి మీద పడ్డాయి. ఆయన అరవలేదు. కూర్చుని, "స్టవ్ బంద్ చెయ్యి" అన్నాడు. దవాఖానలో మందు రాసి, పట్టీ కట్టి, కాలు కింద పెట్టొద్దన్నారు.

దసరా నాడు మా దగ్గర ఏం చేస్తారో చెప్పాలి. జమ్మి ఆకును బంగారం అంటాం. పొద్దుగూకే వేళకు జమ్మికి మొక్కి, ఆకు తెంపుకుని, ముందు ఇంటి పెద్ద చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కి, కౌగిలించుకుని అలయ్ బలయ్ తీసుకోవాలి. చిన్నవాడే పెద్దవాడి గడపకు పోవాలి, పెద్దవాడు తిరిగి తన ఆకు చిన్నవాడికి ఇవ్వాలి. ఏడాదిలో ఎన్ని మాటలు అనుకున్నా ఆ ఆకు చేతులు మారితే చెల్లిపోతాయి. మా బావగారికి ఒక పట్టింపుంది. తమ్ముడి చేతి ఆకు తీసుకున్నాకే ఊళ్ళో వాళ్ళ ఆకు తీసుకుంటాడు. మామ పోయినప్పటి నుంచి ఒక్క ఏడూ తప్పలేదు. మా అత్తమ్మ అనేది: "ఒక్క దసరా తప్పితే మరుపు. రెండు దసరాలు తప్పితే పగ."

మంచం మీద కాలు చాపుకుని మా ఆయన అన్నాడు, "అన్నకు చెప్పకుండ్రి. గంజు మార్చుమని చెప్పిండు. ఇప్పుడు ఇన్నడంటే పండుగ పూట ఉరికొచ్చి తిడ్తడు. కాలు మానినంక నేనే పోత."

"మరి ఆకు?" అన్నాను.

మా బిడ్డ ఫోన్ తీసింది. "నేను చూస్కుంట బాపూ. పెద్దమ్మ ఫోనుకు పంపిస్త. ఇప్పుడందరు గట్లనే పంపుతున్నరు." జమ్మి కొమ్మ బొమ్మ, దండం పెట్టే చేతులు, కింద ఏవో పూలు. నొక్కింది, పోయింది. నేను వద్దనలేదు. ఆయనా వద్దనలేదు. ఆ తప్పులో ముగ్గురికీ పాలుంది.

దీపాలు పెట్టే వేళకు మా యారాలు ఫోన్ చేసింది. అంటే బావగారి భార్య. నేను ఆయన పట్టీ మారుస్తున్నాను, మా బిడ్డ ఎత్తింది. వాళ్ళ బాపు చెప్పొద్దన్నాడు కదా, దానికి అబద్ధమూ రాదు. "ఈసారి లైట్ పెద్దమ్మా. ఫోన్ల వెట్టిన గద" అని కట్ చేసింది.

మరునాడు ఫోన్ లేదు. దీపావళికి లేదు. కాలు మానడానికి నెల మీద పట్టింది. మానాక మా ఆయన రెండుసార్లు అన్నకు ఫోన్ చేశాడు. ఎత్తలేదు. ఎత్తకపోయేసరికి ఈయనకూ పౌరుషమొచ్చింది. ఇవాళ పోతా, రేపు పోతా అంటూ వాయిదా వేశాడు.

చలికాలంలో మార్కెట్లో చిక్కుడుకాయ ఏరుతుంటే వెనుక నుంచి గొంతు వినపడింది.

"ఓ చెల్లె! కండ్లు కనవడ్తలేవా, లేకుంటే నన్ను గూడ లైట్ తీస్కుంటివా?"

మా యారాలు. సంచి నిండా వంకాయలు, ముఖం నిండా కోపం.

"గట్ల అనకు అక్కా."

"మరెట్ల అనాలె? మీ బావ నా ఫోను అటు తిప్పిండు, ఇటు తిప్పిండు. 'దీన్ని ఏ చేతుల వట్టాలె? ఇండ్ల ఆకేది?' అన్నడు. చీకటి వడేదాంక అరుగు మీదికెళ్ళి లేవలే. ఊళ్ళోళ్ళు బంగారం వట్టుకొస్తే 'ఆగుండ్రి, మా తమ్ముడు రావాలె' అన్నడు. ఇగ నేనే ఫోన్ చేస్తి. స్పీకర్ వెట్టి చేస్తి చెల్లె, ఆయన గూడ ఇంటడని. పది మంది నిలవడి ఉన్నరు. నీ బిడ్డ 'ఈసారి లైట్ పెద్దమ్మా' అన్నది. పది మంది ఇన్నరు."

కాలిన సంగతి నాలుక దాకా వచ్చింది. చెప్పొద్దన్న మాట అడ్డం పడింది.

"ఆయనకు జర ఒంట్ల బాగలేకుండె అక్కా" అన్నాను.

"ఏమైంది?"

"ఏం లేదు. లైట్‌గ."

ఆ మాట నా నోట్లోంచే వచ్చింది. దాచడానికి నాకు కూడా అదే అందింది.

"లైట్‌గ అయితే రావాలె గద!" అని వంకాయల సంచి ఆ చేతిలోంచి ఈ చేతికి మార్చుకుని వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చి జరిగిందంతా చెప్పాను. మా బిడ్డ అన్నం పళ్ళెం పక్కకు పెట్టింది. "స్పీకర్ల వెట్టిందని నాకేం ఎర్క? ఇప్పుడే ఫోన్ చేసి సారీ చెప్త" అంది.

వాళ్ళ బాపు తల ఎత్తకుండానే, "వద్దు. ఫోన్ల ఆకు పంపింది చాలు" అన్నాడు.

ఆ రోజు నుంచి అది ఇంట్లో ఆ మాట వాడటం మానేసింది. మేం మానమనలేదు. ఉప్పు ఎక్కువైతే ఎక్కువైంది అనేది. నాకే ఇల్లు చప్పగా అనిపించింది.

ఉగాది పోయింది, బోనాలు పోయాయి. బావగారు మెదక్ రాక మానలేదు, ఎరువుల దుకాణానికి వచ్చేవాడట, మా హోటల్ వైపు మాత్రం తిరగలేదు. తరువాత పెత్రమాస వచ్చింది, పెద్దలకు బియ్యమిచ్చే రోజు. ఏటా అన్నదమ్ములిద్దరూ హవేలిఘనపూర్‌లో కలిసే ఇచ్చేవాళ్ళు, బియ్యం, పప్పు, కూరగాయలు, మా మామ పేరు మీద. ఆ పొద్దు మా ఆయన స్నానం చేసి, తెల్లంగి వేసుకుని, ఫోన్ పక్కన పెట్టుకుని కూర్చున్నాడు. పదకొండింటికి, ఆ బియ్యం తీసుకునే ఆ ఊరి అయ్యగారు పని మీద మెదక్ వచ్చి మా దగ్గర చాయ్ తాగాడు.

"మీ అన్న పొద్దుగాలనే ఇచ్చిపోయిండు కదా" అన్నాడాయన.

"నా పేరు చెప్పిండా అయ్యగారూ?"

అయ్యగారు గ్లాసులోకి చూశాడు. "యాదిమరిచిండు గావచ్చు."

ఆ రోజు మా ఆయన ఇద్దరికి చక్కెర లేని చాయ్ ఇచ్చాడు. ఇద్దరూ ఏమీ అనకుండా తాగి పోయారు. అయ్యగారి మాట విన్న గాజుల చాచా తన గ్లాసు తిరిగి ఇస్తూ, "దసరా ఎన్ని రోజులుందిరా?" అని అడిగాడు. తొమ్మిదో పదో, అంతే. అది తప్పితే రెండోది తప్పినట్టు. అత్తమ్మ మాట ఇంట్లో ముగ్గురికీ గుర్తుంది, ఎవరూ పైకి అనలేదు.

దసరా సాయంత్రం మా ఆయన జమ్మి కొమ్మ తెచ్చి గూట్లో పెట్టి కూర్చున్నాడు. "ఏ ముఖం వెట్టుకొని పోవాలె? తండ్రికి బియ్యమిచ్చేటప్పుడు నా పేరే తియ్యలే."

మా బిడ్డ చెప్పులేసుకుని గడప దగ్గర నిలబడింది. "నువ్వు రాకుంటే నేనొక్కదాన్ని పోత బాపూ. అన్నది నేను. పది మంది ముంగటనే అన్న, పది మంది ముంగటనే తిట్టించుకుంట. గది మాత్రం లైట్ కాదు." చలికాలంలో మానేశాక ఆ మాట అనడం అప్పుడే.

ముగ్గురం ఆటో ఎక్కాం. కొమ్మ మా ఆయన ఒళ్ళో ఉంది.

బావగారు అరుగు మీద కూర్చున్నాడు. ఊళ్ళో వాళ్ళు నలుగురైదుగురు ఆకులు పట్టుకుని నిలబడి ఉన్నారు. అంటే ఇంకా ఎవరి దగ్గరా తీసుకోలేదు. అది నేను చూశాను, మా ఆయన చూశాడో లేదో తెలియదు. మమ్మల్ని చూసి బావగారు లేవలేదు, రమ్మనలేదు. కండువా సర్దుకుని అవతలి ఇంటి గోడ వైపు చూశాడు.

మా ఆయన చెప్పులు విడిచి, అరుగు ముందుకు పోయి, కాళ్ళు మొక్కడానికి వంగాడు. బావగారి చూపు కిందికి పడింది. కుడికాలు వేళ్ళ నుంచి చీలమండ దాకా చర్మం తెల్లగా, మడతలు పడి ఉంది.

"గిదేంది?" అన్నాడు.

మా బిడ్డే ముందుకొచ్చింది. "పాలు వడ్డయి పెద్దబాపూ. నిరుడు దసరా పొద్దుగాల."

"గంజు చెవి ఊడిందా?"

"ఆ."

"చెప్పిన గదరా నీకు!"

"చెప్పినవ్. అందుకే నీకు చెప్పలే" అన్నాడు మా ఆయన, వంగినవాడు వంగినట్టే.

"నడువొస్తలేకుండెనా?"

"నెల దాంక."

బావగారు మా బిడ్డ వైపు తిరిగాడు. "ఇంత కాలితే, దీన్ని గూడ లైట్ అంటరా మీ మాటల్ల?"

"అనరు పెద్దబాపూ. నాది తప్పయింది."

"నీది కాదు. మాట పిల్లది, ఆకు తెచ్చుడు నీ బాపుది. నాకు మాట మీద కోపం లేదు." అని మళ్ళీ తమ్ముడి వైపు తిరిగాడు. "కాలిందని చెప్తే నేనే ఆకు వట్టుకొని రాకపోదునారా? నేనొస్తే ఏం పోతుండె? నీ ఇంటికి పెద్దోన్ని గాదు, పరాయోన్ని చేసినవ్."

ఒక్కసారిగా లేచి లోపలికి వెళ్ళిపోయాడు. ఆకులు పట్టుకున్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మా ఆయన అలాగే నిలబడ్డాడు. నాకైతే అంతా అయిపోయిందనే అనిపించింది. మా యారాలు దర్వాజలో నిలబడి, కళ్ళతోనే ఆగమంది.

బావగారు తిరిగొచ్చాడు. చేతిలో ఒక ఎండిన కొమ్మ. ఆకులు సగం రాలి, మిగిలినవి మట్టి రంగుకు వచ్చాయి. దేవుడి గూట్లో ఏడాదంతా అలాగే ఉంచాడట. ఊడ్చేటప్పుడు తియ్యబోతే మా యారాలిని తిట్టాడట కూడా.

"ఇది నిరుటిది. నీకియ్యవలసింది. తీస్కో ముందుగాల" అన్నాడు.

మా ఆయన రెండు చేతులూ పట్టాడు. ఆకులు పొడి పొడిగా దోసిట్లో పడ్డాయి. వాటిని జేబులో వేసుకుని, ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పచ్చి ఆకు అన్న చేతిలో పెట్టి, కాళ్ళు మొక్కాడు. బావగారు లేపి అలయ్ బలయ్ ఇచ్చాడు. తరువాతే ఊళ్ళో వాళ్ళ వైపు చెయ్యి చాపి, "తేండ్రి ఇగ, ఎంతసేపు నిలవడ్తరు" అన్నాడు.

మా యారాలు కొంగుతో ముక్కు తుడుచుకుని, "చాయ్ వెడ్తున్న. మా చాయ్ హోటలోళ్ళకు ఎట్ల కావాలె? లైట్‌గనా, స్ట్రాంగ్‌గనా?" అంది. ముందు నవ్వింది మా బిడ్డ. తరువాత అందరూ నవ్వారు. బావగారు నవ్వలేదు. "చక్కెర మాత్రం ఎయ్యి. అయ్యగారు చెప్పిండు, పెత్రమాస నాడు వీడు చక్కెర లేకుండ పోసిండట" అన్నాడు. అంటే ఆ చాయ్ తాగిన ఇద్దరిలో అయ్యగారు ఒకడు. ఆయన దగ్గర మా సంగతులు అడుగుతూనే ఉన్నాడన్నమాట, కాలు సంగతి మాత్రం అయ్యగారికీ తెలియదు.

నాలుగు రోజులకు బావగారు మా హోటల్ ముందు ఆటో దిగాడు. చేతిలో కొత్త గంజు. చెవులు రెండూ పట్టి గుంజి, "చూడు, కదుల్తదా?" అన్నాడు. కదలలేదు. పాతదాన్ని ఆయనే ఆటోలో వేసుకుపోయాడు, ఎడ్లకు కుడితి పెట్టడానికి.

ఇప్పుడు మా బిడ్డ మళ్ళీ లైట్ అంటుంది. పరీక్షకు అంటుంది, బస్సుకు అంటుంది, ఉప్పుకు అంటుంది. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే మాత్రం 'ఏడ తగిలింది, ఎంత తగిలింది' అని అడుగుతుంది. మొన్న నాకు వేలు తెగితే పెద్దమ్మకు ఫోన్ చేసి చెప్పింది. యారాలు పసుపు కొమ్ము పట్టుకుని వచ్చింది. వేలు నిజంగానే కొంచెమే తెగింది. అయినా రానిచ్చాను.

ఇంతసేపు కూర్చుని విన్నారు. మీ ఇంటి గంజులకు చెవులు గట్టిగుండాలి. మీ పాలు పొయ్యి మీదే పొంగాలి. మీ గడపకు ఏటేటా పచ్చి ఆకు చేత పట్టుకుని రావలసినవాళ్ళు రావాలి. రాలేనివాళ్ళుంటే, వాళ్ళ గడపకు మీ కాళ్ళు నడవాలి. చల్లగుండండి.